మోపెడు మేతలో అరుగు భాగమెంత?

పాలకేంద్రమునకు పాలు తెచ్చిన రైతును ఎన్ని లీటరులని మాత్రమే అడిగి ఎవ్వరును విడిచిపెట్టరు. ఆ పాలలో వెన్న నూటికెంత, వెన్న గాక తక్కిన ఘనపదార్థమెంత యని దశాంశము వఱకు పరీక్షించి, దానినిబట్టి వెల కట్టుదురు. నీరు కలిసిన పాలకును చిక్కని పాలకును ఒక్క ధర యిచ్చు సంఘము నాలుగు నాళ్లయినను నిలువదని మనమందఱము ఎఱుగుదుము. అట్టి రైతే యింటికి మరలి, ఆ పాలనిచ్చిన గేదెకు మేత వేయునపుడు మాత్రము మోపులనే లెక్కించును. పాలలో చిక్కదనమును చూచువాడు మేతలో చిక్కదనమును చూడకుండుట వింతగా లేదా? ఏలూరు, తాడేపల్లిగూడెము ప్రాంతములందును, కొల్లేటి లంకలయందును పాడిపై ఆధారపడిన కుటుంబములు వేలకొలది కలవు. కావున ఈ విషయమును గూర్చి కొంత విపులముగ వ్రాయుట అవసరమని తలచితిని.

పశువు తిన్నదంతయు దానికి పట్టదు. కొంత జీర్ణమై నెత్తురున కలియును. తక్కినది పేడయై వెలువడును. నూఱు భాగముల మేతలో (తడి తీసివేసి లెక్కించినది) పేడగా వెడలిపోయినది నలువది భాగములైనచో ఆ మేత జీర్ణత 60 అని చెప్పుదురు. మన వరిగడ్డి జీర్ణత మామూలుగ 40కిని 50కిని నడుమ నుండును. లేతగా కోసిన పచ్చిగడ్డి 60 దాటును. నలుబది యైదునకును ఏబది యైదునకును భేదము పదియే గదా యని తోచవచ్చును. కాని గేదె తన దేహమును నిలుపుకొనుటకే మేతసారములో పెద్దభాగమును వ్యయపఱచును. పాలుగా మాఱునది దానిపైని మిగులు మాత్రమే. కాబట్టి ఆ పది భాగములును ఇంచుమించు పూర్తిగ పాలబిందెలోని లెక్కయే యగును. మఱియు, అరుగని మేత కడుపులో చిరకాలము నిలుచును. చోటు ఖాళీ కానిదే పశువు మరల తినజాలదు. చెడ్డమేత తక్కువ బలము నిచ్చుటయే గాక తక్కువగా తినబడును గూడ.

ఈ భేదమును కంటితో పోల్చి కనుగొనగల వర్తకులు మన రాష్ట్రములలోనే కలరు. హైదరాబాదు నగరమున పాడిపశువులకై జొన్నచొప్ప నమ్ము వర్తకుల యొద్దనుండి 2004-05 ప్రాంతమున అంతర్జాతీయ పశు పరిశోధన సంస్థవారు మచ్చులు సేకరించి పరీక్షించిరి. తక్కువ ధరకు పోవు చొప్ప జీర్ణత నూటికి 47, ఎక్కువ ధరకు పోవు చొప్ప జీర్ణత 52 గా తేలినది. ఆ అయిదు భాగముల కొఱకు కొనువారు నాలుగవ వంతో, అంతకు మించియో అధికముగ ధర పెట్టుచుండిరి. ఆ కొనువారి యొద్ద ఏ యంత్రమును లేదు. పశువునకు పెట్టి, పాలు పిండి, నేర్చుకొన్న విద్య యది. మేతను కొని పెట్టువానికి తెలిసిన సంగతి మేతను పండించు మనకు తెలియకుండుట తగదు.

జీర్ణత యేల తగ్గును? గేదె కడుపులోని మొదటి గది పెద్దగాబు వంటిది. అందు కోట్లకొలది సూక్ష్మజీవులు గడ్డిని పులియబెట్టి కరగించుచుండును. మొక్క లేతగా నున్నంతకాలము దాని కణముల గోడలు పలుచగా నుండి, వానిలోని సెల్యులోజు ఆ జీవులకు సులభముగ లోబడును. మొక్క ఎదిగి, కాడ బలిసి, కంకి మోయవలసి వచ్చినపుడు ఆ గోడలు లిగ్నిన్ అను కొయ్యపదార్థముతో గట్టిపడును. ఆ కొయ్యను సూక్ష్మజీవులు కరగింపజాలవు; దాని చాటున నున్న సెల్యులోజు సయితము వానికి అందదు. కావుననే ముదిరిన గడ్డిలో తిండి యున్నను పశువునకు లేనట్లే.

ముదురుటకు వయస్సొకటియే కారణమని మనవారు తలతురు. వయస్సు ముఖ్యమే గాని, ఎండ దానికి తోడు. వేడి హెచ్చిన కొలది మొక్క త్వరగా కాడ సాచును, త్వరగా కొయ్యబాఱును. పగలు కూర్చుకొన్న చక్కెరను వెచ్చని రాత్రులలో ఊపిరికే ఖర్చు చేసికొనును. ఒక్క సెంటీగ్రేడు డిగ్రీ వేడి హెచ్చినచో గడ్డిజాతి మేతల జీర్ణత నూటికి అర భాగము మొదలు ఒక భాగము వఱకు తగ్గునని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఉష్ణదేశపు గడ్డిజాతుల జీర్ణతను శీతలదేశపు గడ్డిజాతుల జీర్ణతతో పోల్చి చూడగా, సగటున సుమారు 13 భాగములు తక్కువగా నుండెను. పైదేశముల పాడిగ్రంథములలో వ్రాసిన మేతలెక్కలను మన పశువులకు వర్తింపజేసి, అంత పాలు రాలేదని గేదెను నిందించుట అన్యాయము. అందుచేతనే ఏలూరు వైశాఖపు టెండలో పెరిగిన నేపియరు గడ్డియు, పుష్యమాసములో పెరిగిన నేపియరు గడ్డియు ఒకే దుబ్బునుండి వచ్చినను ఒకే మేత కావు. కాలువగట్టున నేపియరు నాటుకొన్నవారు మొదటి కోత పిదప 45 దినముల కొకసారి కోయవలెనని విని, ఏడాది పొడవున ఆ యొక్క లెక్కనే పాటించుచున్నారు. నీరు పుష్కలముగ నున్న వేసవిలో అది 45 దినములకే బాగుగా ముదిరిపోవును. వారము పది దినములు ముందు కోయుట మేలు. చలికాలమున నాలుగు దినములు ఆగినను నష్టము లేదు. నిలువెత్తు దాటి పెరిగిన గడ్డిని చూచి యజమానుడు సంతోషించును గాని, ఆ ఎత్తంతయు కొయ్యయే.

నీటి విషయమున మన నమ్మకము తలక్రిందుగా నున్నది. నీరెద్దడిచే కొంచెము కుఱుచగా పెరిగిన గడ్డిని మనము హీనముగ చూతుము. పంట తూకము తగ్గుట నిజమే. అయినను మితమైన ఎద్దడిలో మొక్క కాడ సాచుట ఆలస్యమై, ఆకు పాలు హెచ్చి, ఆ గడ్డి జీర్ణత తగ్గకపోవుటయే గాక ఒక్కొక్కప్పుడు హెచ్చును గూడ. జొన్న విషయమున మాత్రము ఈ మాట నమ్మి మోసపోరాదు. వానలేక వాడిన లేతజొన్నలోను, కోసిన మోళ్లనుండి క్రొత్తగా వచ్చిన పిలకలలోను విషపదార్థము చేరి, కడుపున పడినంతనే హైడ్రోసయనిక్ ఆమ్లముగా విడి, పశువును నిమిషములలో చంపగలదు. పూత దశకు వచ్చిన పిదప కోయుటయే క్షేమము.

ఇక ఎరువు. యూరియా చల్లిన వారమునకు గడ్డి నల్లని పచ్చదనముతో నిగనిగలాడును. ఆ రంగు చూచి బలమైన మేత యని భ్రమపడుదుము. ఎరువు వలన మేత దిగుబడి హెచ్చును, మాంసకృత్తులు హెచ్చును; అరుగుదల మాత్రము అంతగా మాఱదు. మబ్బు పట్టిన దినములలో మితిమీరి వేసిన యూరియా నైట్రేటు రూపమున కాడలలో నిలిచి కీడు చేయుటయు కలదు. ఆయిల్‌పామ్, కొబ్బరి తోటల నీడలో పెంచిన గడ్డి మెత్తగ కనబడును గాని, ఎండ చాలక చక్కెర తక్కువై, అరుగుదలలో బయలు గడ్డికంటె కొంచెము వెనుకబడును. మేత లేని వేసవిలో నీడగడ్డియైనను మేలే; దానిని కాదనుటలేదు.

మనకు ముఖ్యమైన మేత వరిగడ్డియే గనుక దానిని గూర్చి కొంచె మెక్కువ చెప్పవలసి యున్నది. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లోను, బెజవాడ ఆనకట్ట 1855లోను పూర్తియైన నాటినుండి ఈ సీమ వరిసీమ యయ్యెను. పశువులు గడ్డివాములపై బ్రతుక నేర్చెను. వరి తక్కిన ధాన్యపు మొక్కల వంటిది కాదు. దాని గడ్డిలో లిగ్నిన్ కొంత తక్కువయే. అయితే నేలనుండి పీల్చుకొన్న సిలికా, అనగా ఇసుకజాతి పదార్థము, మిక్కిలి హెచ్చుగా నుండును. ఆకు చేతికి గీచుకొనుట దానివలననే. ఆ సిలికా ఎక్కువగా ఆకునందు చేరును. అందువలన జొన్న, మొక్కజొన్నలలో ఆకు మేలు, కాడ కీడు కాగా, వరిలో కాడయే ఆకుకంటె బాగుగ అరుగును. ఇది తెలియక మనము చేయుచున్న నష్టము చూడుడు. కోతయంత్రములు వచ్చిన పిదప వరిని ఎత్తుగా కోసి, కొయ్యకాళ్లను జానెడెత్తున చేలోనే విడుచుచున్నాము. పిదప వానికి నిప్పు పెట్టుచున్నాము. మేలైన కాడను తగులబెట్టి, గరుకైన ఆకును వామి వేసికొనుచున్నామన్నమాట. యంత్రము వలదనుట నా యుద్దేశము కాదు. కూలీలు దొఱకని దినములలో అది తప్పదు. కాని అద్దెకు తెచ్చునపుడే ఎంత క్రిందుగా కోయవలెనో బేరమాడుట మన చేతిలోని పని.

సార్వాగడ్డికి మఱియొక గండము కలదు. అది కోతకు వచ్చునది తుపానుల కాలమున. 2023 డిసెంబరు 5వ తేదీన బాపట్ల యొద్ద తీరము దాటిన మిచాంగ్ తుపాను గోదావరి, కృష్ణా డెల్టాలలో పనలమీద నున్న వరిని తడిపి పోయినది. ధాన్యపు రంగు మాఱినదని అందఱును దుఃఖించిరి. గడ్డిమాట తలచినవారు తక్కువ. పనలమీద తడిసిన గడ్డిలో కరగు చక్కెరలు వాననీటితో కొట్టుకొనిపోవును. మిగిలినది పొట్టువలె సారహీన మగును. తడియారక వామి వేసినచో బూజు పట్టును. బూజుపట్టిన వరిగడ్డి మేసిన గేదెలకు చెవులకొనలు, తోకకుచ్చు, గిట్టల పైభాగము కుళ్లి ఊడిపోవు వ్యాధి వచ్చుట కలదు. అట్టి గడ్డిని ఎరువుగుంటలో వేయుట మేలు.

దాళ్వాగడ్డికి వాన భయము తక్కువ. ఏప్రిలు ఎండలో ఒక్కనాటికే ఆరి బంగారువన్నెతో ఉండును. రంగు బాగుగ నున్నను ఎండలో ముదిరిన గడ్డియే యది. ఈ రెండింటిలోను మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు భాగములకు మించవు. మేతలో మాంసకృత్తులు సుమారు 7 భాగములకు తగ్గినచో కడుపులోని సూక్ష్మజీవులకే ఆకలి తీరదు. అవి నీరసించినచో అరుగవలసిన గడ్డియు అరుగదు. కాబట్టి వరిగడ్డికి కావలసినది మఱికొంత వరిగడ్డి కాదు, పప్పుజాతి తోడు.

కొల్లేటి వారికి ఈ తోడు ఇంకను కష్టము. ఫాల్గునము మొదలు నీరు వెనుకకు తీసిన కొలది బయలుపడు నేలపై మొలచు లేత కిక్కిస, తుంగ, గడ్డిజాతులపై గేదెలు మేయును. మొలకగా నున్నపుడు కిక్కిస మంచి మేతయే; రెండు నెలలు దాటిన పిదప తడికలకు తప్ప పనికిరాదు. 1999లో అయిదవ కాంటూరు వఱకు సరస్సును అభయారణ్యముగ ప్రకటించి, 2006లో అందలి చేపలచెఱువుల గట్లను తెగగొట్టిరి. పైనేలలలో మాత్రము వరిచేలు చేపలచెఱువులై, వరిగడ్డికిని మేపునకును చోటు కుదించుకొనిపోయినది. గతి లేక గుఱ్ఱపుడెక్క కోసి వేయుచున్నారు. అందులో నూటికి తొంబదికి పైగా నీరే. గేదె నూఱు కిలోలు తిన్నను పది కిలోల ఎండుమేతయైనను కడుపున పడదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సరస్సు నిండినపుడు లంకలలో ఎండుగడ్డి యొక్క విలువ తెలిసినది.

ఇప్పుడు నేను చెప్పదలచిన అసలు సంగతి. గడ్డిజాతులకు ఎండ కీడు, చలి మేలు. పప్పుజాతులకు వేడివలన జీర్ణత తగ్గుట స్వల్పము. మన సీమలో చల్లని నెలలు మార్గశిరము మొదలు మాఘము వఱకు. ఆ నెలలలోనే సార్వా కోసిన చేలలో పదును మిగిలియుండును. ఈ మూడును ఒక్కచోట కలసివచ్చు సమయమునకు సరిగ సరిపోవు మేతను మన పెద్దలు ఏనాడో ఎఱిగియుండిరి: అది పిల్లిపెసర. వరి కోతకు కొలది దినముల ముందు, చేలో పదునుండగా, నిలుచున్న వరిలోనే చల్లుదురు. దున్నకము లేదు, నీటితడి లేదు, ఎరువు లేదు. తీగ సన్నము, ఆకు మెండు. కొయ్యబాఱునంత కాడయే దానికి లేదు. మేపుకొన్న పిదప మిగిలినది దున్నివేసినచో చేనికే బలము. జనుమును ఇట్లే చల్లి, పూతనాటికి కోసి ఎండవేయుదురు. అది కాయ పట్టిన పిదప పెట్టరాదు. గింజలో పశువునకు కీడుచేయు పదార్థము కలదు. కోసిన పిల్లిపెసరను, జనుమును వరిగడ్డితో పొరలు పొరలుగ వేసి వామి పెట్టు ఆచారము మన డెల్టాదే. పచ్చిమేతలోని తేమ, సువాసన గడ్డికి పట్టును. పశువు ఏరివేయక తినును. పప్పుమేత ఒంటిగ తిన్నచో వచ్చు కడుపుబ్బరము భయమును తొలగును. తేమ మాత్రము మించరాదు. మించినచో వామి వేడెక్కి బూజు పట్టును.

అట్టి పిల్లిపెసర నేడు చేలలో వెదకినను కానరాని గ్రామములు పెక్కు కలవు. కారణము అందఱకును తెలిసినదే. కాలువనీరున్నచోట దాళ్వావరి, నీరు లేనిచోట మినుము వచ్చినవి. మినుము రొక్కము తెచ్చును. పిల్లిపెసర ఎవ్వని చేతిలోను రూపాయి పెట్టదు. "దాళ్వా వదలుకొని గడ్డి పండించుమందురా?" యని కొందఱు అడుగుదురు. వదలుకొమ్మని నేననను. దాళ్వాకు నారుమడి పోయుచున్నపుడు, ఊడ్పునకు కాలువనీరు వచ్చు వఱకు చేను ఎన్ని దినములు ఊరకయుండునో లెక్కించుకొనుడు. శివారుచేలలో దాళ్వానీరు నమ్మరాని సంవత్సరములు ఎన్ని వచ్చినవో జ్ఞప్తికి తెచ్చుకొనుడు. పాడిగల రైతు పదింట ఒక వంతు చేనునైనను పిల్లిపెసరకు విడిచినచో, వేసవిలో బజారునుండి తెచ్చు దాణాబస్తాలు కొన్ని తగ్గును. రొక్కము వచ్చిన పంటనే పంట యనుకొనుట వలన పోవు రొక్కము మనకు కనబడకున్నది. మినుము వేసినవారును నూర్చగా వచ్చిన మినపకట్టును, పొట్టును తగులబెట్టక దాచుకొనినచో పిల్లిపెసరకు తమ్మునివంటి మేత లభించును.

పచ్చిమేతకు ఏ దారియు లేనివారికి గడ్డిని యూరియాతో మాగవేయు పద్ధతి యొకటి కలదు. నూఱు కిలోల వరిగడ్డికి నాలుగు కిలోల యూరియాను ఏబది, అఱువది లీటరుల నీటిలో కరగించి, పొరపొరకు చిలుకరించి, త్రొక్కి, గాలి చొరకుండ కప్పి మూడు వారములుంచవలెను. గోడల బిగువు సడలి గడ్డి మెత్తబడును; మాంసకృత్తులు 7 భాగముల దరికి వచ్చును. తీసిన పిదప ఘాటు పోవునట్లు కొంతసేపు ఆరబెట్టి పెట్టవలెను. ఆరు నెలల లోపు దూడలకు పెట్టరాదు. యూరియా కలిపిన నీరు పశువుల నోటికి అందనిచోట నుంచుట మఱవరాదు. అది త్రాగిన పశువు బ్రతుకుట కష్టము. ఈ పద్ధతి చాలకాలమునుండి బోధింపబడుచున్నను గ్రామములలో నిలువలేదు. నిలువకపోవుటకు రైతుల సోమరితనమే కారణమని నేనొప్పుకొనను. వాన భయము నడుమ కుప్ప నూర్చుకొనువానికి గడ్డిని నీటితో తడుపుమనుట వినుటకే కష్టముగ నుండును. దానికి తగిన కాలము దాళ్వా నూర్పుల పిదప వేసవిదినములు.

సంఘములు చేయదగిన పనులు మూడు నాకు తోచుచున్నవి. మొదటిది విత్తనము. పిల్లిపెసర కోరిన రైతునకు సకాలమున విత్తనము దొఱకుట లేదు. మేతకై కోసినచో గింజ మిగులదు. గింజకై విడిచినవారికి కొనువారు లేరు. ప్రతి సంఘమును నలుగురైదుగురు సభ్యులచే చెఱి కొంత చేను గింజకు విడిపించి, ఆ గింజను సంఘమే కొనునట్లు ముందుగా ఒడంబడిక చేసికొనవచ్చును. రెండవది పరీక్ష. గన్నవరమున పశువైద్య కళాశాల యున్నది. గ్రామమున వాడుకలోనున్న గడ్డి, చొప్ప, నేపియరు మచ్చులను ఋతువున కొకసారి అట్టి చోటికి పంపి, వచ్చిన జీర్ణత లెక్కలను పాలకేంద్రపు గోడమీద వెన్న ధరల ప్రక్కన అంటించినచో, వాద మక్కఱలేకయే రైతు గ్రహించును.

మూడవది కొంచెము పెద్దది. మార్టేరు వ్యవసాయ పరిశోధనాస్థానము 1925 నుండి మనకు వరివంగడములు ఇచ్చుచున్నది. 1982లో విడుదలయైన స్వర్ణ, అనగా ఎం.టి.యు. 7029, దేశమంతట పేరెన్నిక గన్నది. వంగడమునకును వంగడమునకును గడ్డి జీర్ణతలో భేదముండుననియు, మేలైన గడ్డిగల వంగడమును ఏరుకొన్నంత మాత్రమున గింజ దిగుబడి తగ్గనక్కఱలేదనియు పరిశోధనలు చూపినవి. క్రొత్త వంగడమును ప్రకటించునపుడు ఎకరమునకు బస్తాలెన్ని, కాలమెంత, తెగుళ్లకు ఓర్చునా లేదా యని చెప్పుచున్నట్లే, దాని గడ్డి నూటికెంత అరుగునో గూడ తెలుపుమని సంఘముల పక్షమున తీర్మానించి పంపుట ఉచితము. వరి రైతుయొక్క ఇంటిలోనే గేదెయు నున్నది గదా!

వీనిలో మొదటిదానికి ధనము స్వల్పము, కాలము మాత్రము స్వల్పతరము. కార్తికమాసము నడుమకు విత్తనము సంఘపు కొట్టునకు చేరనిచో, వరి కోతకు ముందు చల్లుటకు వీలుండదు. చల్లని నెలలు మఱల ఏడాదికి గాని రావు. కావున రాబోవు సభలో విత్తనపు చేలను ఏరు సంగతిని మొదటి అంశముగ పెట్టవలెనని సభ్యులను కోరుచున్నాను.